ప్రైమర్లు దొరకని రెండేళ్లు: ఒక పిస్టల్ షూటర్ కేస్ స్టడీ

ముందు మనిషి గురించి. కరీంనగర్ వైపు నుంచి వచ్చి డాలస్‌లో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, గ్రీన్‌కార్డు ఉంది. ఆడేది యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలో వేగం, గురి రెండూ లెక్కేసే పిస్టల్ పోటీల సంఘం) పోటీలు, క్యారీ ఆప్టిక్స్ డివిజన్, అంటే తుపాకీ మీద గురికి వెలిగే చుక్క చూపే సైటు ఉంటుంది. తుపాకీ సీజెడ్ షాడో 2, తూటా 9 ఎంఎం. నెలకు రెండు లోకల్ మ్యాచ్‌లు, ఒక్కో మ్యాచ్‌కి 150 రౌండ్ల దాకా. ప్రాక్టీసు కూడా కలిపితే నెలకు 1000, ఏడాదికి 12,000. ఇంట్లో సొంతంగా రీలోడ్ చేసుకుంటాడు, అంటే వాడేసిన కేసుల్లో మళ్లీ తూటాలు కట్టుకుంటాడు. 2020 శరదృతువులో నా దగ్గరికి వచ్చేనాటికి అతని దగ్గర మిగిలినవి 1500 స్మాల్ పిస్టల్ ప్రైమర్లు (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే పేలి పౌడర్‌ని అంటించే చిన్న కప్పులు). అంటే నెలన్నర సరుకు.

నేను పగలు సప్లై చెయిన్ ప్లానింగ్‌లో పనిచేస్తాను. వారాంతాల్లో మ్యాచ్‌లలో రేంజ్ ఆఫీసర్‌గా, అంటే టైమర్ పట్టుకుని షూటర్‌ని నడిపించేవాడిగా, నిలబడతాను, కొత్తవాళ్లకు రీలోడింగ్ నేర్పుతాను. అందుకే నన్ను పట్టుకున్నాడు. "అన్నా, ప్రైమర్లు యాడ దొరుకుతయో చెప్పు, ఎంతైనా పెడతా" అన్నాడు. ఎక్కడ దొరుకుతాయన్నది రెండో ప్రశ్న అని అప్పుడే చెప్పాను. అతని తుపాకీ ఎన్ని రకాల ప్రైమర్లను పేల్చగలదు అన్నది మొదటిది. ఈ కేసులో పని ఎక్కువగా అక్కడే జరిగింది, ఫలితమూ అక్కడే వచ్చింది.

కొరత అసలు ఎక్కడుంది

తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి కేసు, ప్రైమర్, పౌడర్, బుల్లెట్. కేసు పేలాక మన కాళ్ల దగ్గరే పడుతుంది. ఏరుకుని, కడిగి, మళ్లీ వాడతాం. 9 ఎంఎం కేసు చాలాసార్లు పనికొస్తుంది. బుల్లెట్లు సీసంతో చిన్న చిన్న కంపెనీలు కూడా పోస్తాయి, పైన రంగు పూత వేసి అమ్ముతాయి. పౌడర్ రకాలు బోలెడు, ఒకటి లేకపోతే మాన్యువల్ చూసి ఇంకోదానికి మారొచ్చు. ప్రైమర్ ఒక్కటే అలా కాదు. ఇంట్లో తయారు చేసుకునేది కాదు, ఒకసారి పేలిందంటే మళ్లీ వాడేదీ కాదు. అప్పట్లో అమెరికాలో పెద్దఎత్తున చేసేవాళ్లు నలుగురే: ఫెడరల్, సీసీఐ, వించెస్టర్, రెమింగ్టన్. ఇందులో ఫెడరల్, సీసీఐ రెండూ ఒకే యజమాని చేతిలో ఉన్నాయి. రెమింగ్టన్ 2020 జులైలో దివాలా తీసింది. దాని మందుగుండు వ్యాపారాన్ని కూడా ఆ యజమానే, విస్టా అవుట్‌డోర్, కొనుక్కుంది.

తయారీ కూడా గబగబా పెంచేది కాదు. ప్రైమర్‌లో పేలే మందు లెడ్ స్టిఫ్నేట్. అది ఎండితే రాపిడికే పేలుతుంది. అందుకే తడి ముద్దగా ఉంచి, చిల్లులున్న పలకలతో ఆ చిన్న కప్పుల్లోకి నింపుతారు. అలాంటి లైను ఇంకోటి పెట్టాలంటే కట్టడం, అనుమతులు, శిక్షణ అన్నీ కలిసి ఏళ్ల పని. రెండేళ్లలో డిమాండ్ తగ్గిపోతే ఆ పెట్టుబడి ఏమవుతుందన్న భయం వాళ్లకూ ఉంటుంది. 2013లో కొరత వచ్చింది, తర్వాత తగ్గింది. దాన్ని వాళ్లు మర్చిపోలేదు.

ఇక డిమాండ్ వైపు చూడండి. 2020లో ఎఫ్‌బీఐ నిక్స్ తనిఖీలు (తుపాకీ కొనేవాళ్ల నేపథ్యం చూసేవి) 3.9 కోట్లు దాటాయి. తొలిసారి తుపాకీ కొన్నవాళ్లు 84 లక్షల మంది ఉంటారని పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ అంచనా వేసింది. ఒక్కొక్కరు 50 తూటాల పెట్టెలు రెండే కొన్నారనుకున్నా 84 కోట్ల తూటాలు. అప్పుడు ఫ్యాక్టరీ ఏం చేస్తుంది? ప్రైమర్‌ని 3 సెంట్లకు మనకి అమ్మే బదులు తన తూటాలోనే పెట్టి 50 సెంట్లకు అమ్ముకుంటుంది. నేనైనా అదే చేస్తాను. కొట్లో తయారు తూటాలు నిండే దాకా ప్రైమర్ల అర ఖాళీగానే ఉంటుందని మా వాడికి చెప్పింది అందుకే. ఫ్యాక్టరీ 9 ఎంఎం ధర దిగి వచ్చిన కొన్ని నెలలకు గానీ ప్రైమర్ బయటికి రాదు. ఆ తర్వాత జరిగింది కూడా దాదాపు అదే వరసలో.

తుపాకీతో మొదలుపెట్టాం

పోటీ షూటర్లకు ట్రిగ్గర్ పిచ్చి ఉంటుంది. మా వాడు షాడో 2లో హ్యామర్ స్ప్రింగు తీసి 11.5 పౌండ్లది వేయించాడు. ట్రిగ్గర్ వెన్నలా ఉంది. కానీ హ్యామర్ దెబ్బ తేలికైపోయింది. ఆ దెబ్బకు నమ్మకంగా పేలేది ఫెడరల్ వాళ్ల 100 నంబరు ప్రైమర్ ఒక్కటే, దాని కప్పు మెత్తన. కొరతలో అందరూ వెతుకుతున్నదీ ఆ ఫెడరలే. సీసీఐ కప్పు గట్టిది. స్మాల్ రైఫిల్ ప్రైమర్ కొలతకు కేసు అడుగున ఉండే స్మాల్ పిస్టల్ ప్రైమర్ గుంటలోకి సరిగ్గా దిగుతుంది గానీ దాని కప్పు ఇంకా మందం. (లార్జ్ రైఫిల్ మాత్రం అలా కాదు, ఎత్తు ఎక్కువ. దాన్ని లార్జ్ పిస్టల్ గుంటలో పెట్టాలని చూడకండి.)

క్యారీ ఆప్టిక్స్‌లో ఇంకో చిక్కుంది. ఇలాంటి తుపాకీతో స్టేజ్ (మ్యాచ్‌లో ఒక్కో విడత) మొదలయ్యేటప్పుడు హ్యామర్ కింద ఉండాలి, మొదటి షాట్ డబుల్ యాక్షన్‌లో లాగాలి, అంటే ట్రిగ్గర్ లాగుడే హ్యామర్‌ని వెనక్కి లేపి వదలాలి. ఆ తర్వాతి షాట్లకు హ్యామర్ ముందే లేచి ఉంటుంది, అది సింగిల్ యాక్షన్. డబుల్ యాక్షన్‌లో హ్యామర్ సింగిల్ యాక్షన్ అంత వెనక్కి పోదు, దెబ్బ ఇంకాస్త తక్కువ. అందుకే మొరాయించేది ఎప్పుడూ మొదటి షాటే. ఎవరో ఇచ్చిన సీసీఐ 500లతో అతను మ్యాచ్‌కి వచ్చిన రోజు టైమర్ నా చేతిలోనే ఉంది. బజర్ మోగింది, తుపాకీ బయటికొచ్చింది, చుక్క టార్గెట్ మీద నిలిచింది, టక్. మళ్లీ లాగాడు, పేలింది. స్టేజ్ అయిపోయాక మ్యాగజైన్ తీస్తూ "మల్ల గట్లనే అయిందన్నా" అన్నాడు.

అందరూ ముందు స్ప్రింగునే అనుమానిస్తారు. నేను మాత్రం ముందు మిగిలిన తూటాలు అడిగి, వాటి వెనకవైపు చూపుడువేలు కొన ఆనించాను. ప్రైమర్ కేసు అడుగు కన్నా వెంట్రుకవాసి లోపలికి దిగి ఉండాలి. వేలికి చిన్న పల్లం తగలాలి. అతని తూటాల్లో కొన్ని నున్నగా, సమంగా ఉన్నాయి. ఒకటి రెండు ఉబ్బుగా కూడా ఉన్నాయి. అలా ఉంటే ఫైరింగ్ పిన్ మొదటి దెబ్బ ప్రైమర్‌ని లోపలికి నెట్టడానికే సరిపోతుంది, రెండో దెబ్బకు పేలుతుంది. సెల్లియర్ అండ్ బెల్లో కేసుల్లో గుంట బిగుతు, అక్కడ ఇది ఎక్కువ. రీలోడింగ్ ప్రెస్ హ్యాండిల్‌ని ముందుకు నెట్టేటప్పుడు ఆఖర్న ఇంకొంచెం బలం పెట్టడం, బిగుతు కేసులను వేరే డబ్బాలో వేయడం. ఈ రెండింటితోనే టక్కులు సగానికి పైగా పోయాయి. పైసా ఖర్చు లేదు.

మిగతా సగానికి స్ప్రింగు మార్చాం. పరీక్ష తేలికే. ఖాళీ కేసుల్లో ప్రైమర్ ఒక్కటే పెట్టి, పౌడరూ బుల్లెట్టూ లేకుండా, రేంజిలో కళ్లద్దాలు, చెవి మూతలు పెట్టుకుని, సురక్షిత దిశలో, డబుల్ యాక్షన్‌లో మాత్రమే లాగి చూడటం. కొరతలో 100 ప్రైమర్లు ఇలా కాల్చేయడం మా వాడికి ప్రాణం మీదికొచ్చినట్టుంది. కానీ ఆ 100 పోతేనే మిగతా వేల గురించి తెలుస్తుంది. 13 పౌండ్ల స్ప్రింగుతో సీసీఐ 500లు అన్నీ పేలాయి. స్మాల్ రైఫిల్ నమ్మకంగా పేలాలంటే 15 కావాల్సి వచ్చింది. డబుల్ యాక్షన్ లాగుడు బరువెక్కింది, అతను వారం పాటు గొణిగాడు.

ఆ రెండు స్ప్రింగుల ఖర్చు కాఫీ డబ్బులంత. అంతకుముందు ఒకే ఒక బ్రాండ్ కోసం చూసే మనిషికి ఇప్పుడు ఫెడరల్, సీసీఐ, వించెస్టర్, రెమింగ్టన్, ఫియోకీ, సెల్లియర్ అండ్ బెల్లో, బోస్నియా నుంచి వచ్చే జినెక్స్, పైగా స్మాల్ రైఫిల్ రకాలు, ఏది కనబడితే అది పనికొస్తుంది. కొట్లో సరుకు పెరగలేదు, అతను కొనగలిగేది పెరిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రైమర్ రకం మారితే పీడనం మారుతుంది. మాగ్నమ్ (ఇంకా గట్టిగా మండేది) లేదా రైఫిల్ ప్రైమర్ వేస్తే పాత లోడు అలాగే ఉంచకూడదు. మాన్యువల్‌లో కనీస మోతాదు దగ్గరికి వెళ్లి, క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి మళ్లీ పైకి రావాలి. మోతాదులు నేనిక్కడ రాయను. అవి పౌడర్ కంపెనీ ఇచ్చిన పట్టిక నుంచే తీసుకోవాలి.

బుల్లెట్టూ పౌడరూ

యూఎస్‌పీఎస్‌ఏలో పవర్ ఫ్యాక్టర్ అంటే బుల్లెట్ బరువు (గ్రెయిన్లలో) ఇంటూ వేగం (సెకనుకు అడుగుల్లో), దాన్ని 1000తో భాగించాలి. మైనర్ అనే కింది తరగతికి 125 రావాలి. 147 గ్రెయిన్ల బుల్లెట్ 850 వేగంతో వెళ్తే 124.95. పెద్ద మ్యాచ్ క్రోనో దగ్గర ఆ 0.05 తేడాతో స్కోరే ఉండదు, కాల్చుకోవడం ఉత్త సరదాకే. అందుకే మా వాడికి 880 దగ్గర, అంటే 129 వచ్చేలా పెట్టుకోమన్నాను. చలికాలం వేగం తగ్గినా ఇబ్బంది ఉండదు.

కొరతలో బరువు బుల్లెట్‌తో ఇంకో లాభం ఉంది. అదే పవర్ ఫ్యాక్టర్‌కి 115 గ్రెయిన్లది 1125 వేగంతో పోవాలి, దానికి పౌడర్ ఎక్కువ పడుతుంది. ఒక పౌండు అంటే 7000 గ్రెయిన్లు. తూటాకి 4 గ్రెయిన్లు పడితే 1750 తూటాలు, 3.5 పడితే 2000. పౌడర్ డబ్బా మనిషికి ఒకటే అని కొట్లో బోర్డు పెట్టిన రోజుల్లో ఆ 250 చిన్న సంఖ్య కాదు.

కేసుల విషయం త్వరగా తేలింది. మ్యాచ్ అయ్యాక ఉండి ఏరుకుంటే సరిపోతుంది. మెట్టు కేసులు మాత్రం తీసేయాలి. లోపల ఒక అంచు ఉంటుంది, అడుగున ఐఎంటీ, అమ్మోలోడ్, మాక్స్‌టెక్ అని ముద్ర ఉంటుంది. రీలోడ్ చేస్తే ఆ అంచు దగ్గర రెండుగా తెగి ముందు ముక్క బ్యారెల్‌లోనే ఉండిపోవచ్చు.

మా గ్రూపులో .45 కాల్చే పెద్దాయన ఇదే సూత్రాన్ని ఇంకోలా వాడుకున్నాడు. .45 కేసుల్లో కొన్ని లార్జ్ ప్రైమర్‌వి, కొన్ని స్మాల్‌వి. మామూలుగా అందరూ స్మాల్‌వి విసుక్కుని పారేస్తారు. ఆయన రెంటినీ రెండు బకెట్లలో వేరు చేసి, ఏ ప్రైమర్ దొరికితే ఆ బకెట్ తీశాడు.

కొనడం

ఆన్‌లైన్లో ప్రైమర్లు, పౌడర్ పంపాలంటే ప్రమాదకర సరుకు కింద హజ్మాట్ ఫీజు ఉంటుంది. అది ఆర్డరుకి ఒకటి. 25 డాలర్లనుకుంటే, 1000 ప్రైమర్ల మీద పడితే ఒక్కోదానికి 2.5 సెంట్లు, 5000 మీద అయితే అర సెంటు. కానీ కొరతలో చాలా సైట్లు మనిషికి 1000కి మించి ఇవ్వలేదు. అందుకని ప్రైమర్లు కనబడిన ఆర్డర్లోనే పౌడర్ కూడా కలిపి తీసుకోవడం అలవాటు చేసుకున్నాం.

స్టాక్ అలర్టులను నేను పెద్దగా నమ్మను. ఫోన్ మోగేలోపే కార్ట్ ఖాళీ. దానికన్నా ఊళ్లోని చిన్న తుపాకీ కొట్టుకి వారంలో ఏ రోజు లారీ వస్తుందో తెలుసుకోవడం నయం. ఆ కొట్లు 100 ప్రైమర్ల అట్టలు విడిగా అమ్మేవి. మా వాడు ఆఫీసు దారిలో ఆగి ఒక అట్ట, అప్పుడప్పుడు రెండు తెచ్చేవాడు. అన్నీ వేరువేరు బ్రాండ్లు. పాత స్ప్రింగుతో అయితే వాటిలో ముప్పాతిక కొట్లోనే వదిలేసి రావాల్సింది.

ఇంకో దారి వృద్ధ రీలోడర్లు. చూపు తగ్గి షూటింగ్ మానేసిన బుల్స్ఐ షూటర్ ఒకాయన తన బేస్‌మెంట్‌లోని పాత వించెస్టర్ ప్రైమర్లు మా వాళ్లకి మంచి ధరకి ఇచ్చాడు. పొడిగా ఉంచితే ప్రైమర్ దశాబ్దాలు ఆగుతుంది. ఒక్కో పెట్టె నుంచి పది తీసి పరీక్షించాం, అన్నీ పేలాయి.

దొంగ సైట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. మా గ్రూపులో ఒకతను 400 డాలర్లు పోగొట్టుకున్నాడు. గుర్తుపట్టడం కష్టమేం కాదు. అందరి దగ్గరా 100 డాలర్లున్న వెయ్యి అక్కడ 35కే ఉంటుంది. కార్డు తీసుకోరు, జెల్ (Zelle, ఫోన్‌తో నేరుగా బ్యాంకు ఖాతాకి డబ్బు పంపేది) లేదా బిట్‌కాయిన్ అంటారు. ఇంకో గుర్తు కూడా ఉంది: హజ్మాట్ ఫీజు అడగరు. కొరతలో ప్రైమర్లు నిజంగా పంపేవాడు మామూలుగా ఆ ఫీజు వదులుకోడు.

మా వాడి రూలు నేనే రాసిచ్చాను. ప్రైమర్ 10 సెంట్ల లోపు దొరికితే ఆలోచించకుండా తీసుకో, 15 దాటితే వదిలెయ్. ఆ లెక్క ఊరికే రాలేదు. కొరతకు ముందు ప్రైమర్ 3, పౌడర్ ఒకటిన్నర, బుల్లెట్ 8, మొత్తం తూటా 12-13 సెంట్లు. 2021 మొదట్లో 10 సెంట్ల ప్రైమర్‌తో, పెరిగిన బుల్లెట్, పౌడర్ ధరలతో 22 సెంట్ల దాకా పోయింది. అదే సమయంలో కొట్లో 9 ఎంఎం తూటా 60 నుంచి 80 సెంట్లు. మూడు రెట్లు పెట్టి ప్రైమర్ కొనడం మనసుకి కష్టంగా ఉంటుంది, కానీ తూటా మొత్తం మీద అది రెట్టింపు కూడా కాలేదు.

వాడకం తగ్గించాం

నెలకు 1000 నుంచి 450కి దించాం. మ్యాచ్‌ల 300 ముట్టుకోలేదు. ప్రాక్టీసులో 700 ఉన్నది 150 అయింది. మిగతాదంతా ఇంట్లో ఖాళీ తుపాకీతో డ్రై ఫైర్: తుపాకీ బయటికి తీయడం, మ్యాగజైన్ మార్చడం, ఒక టార్గెట్ నుంచి ఇంకోదానికి చుక్క తిప్పడం. వీటికి మందు అక్కర్లేదు. ఆ 150ని డ్రై ఫైర్‌లో తెలియని వాటికే ఉంచాం. రీకాయిల్ తర్వాత చుక్క ఎంత త్వరగా తిరిగొస్తుంది, నడుస్తూ కాలిస్తే ఏమవుతుంది, ఇలాంటివి. తుపాకీకి .22 చిన్న తూటాలు కాల్చే కిట్ వేసుకుందామన్నాడు గానీ అప్పుడు .22 తూటాలూ కరువే. పైగా వాటిని రీలోడ్ చేయలేం, పేలే మిశ్రమం కేసు అంచులోనే ఉంటుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది ఆ .22నే. ఆ ఆటవాళ్లకి మా రీలోడింగ్ కిటుకులు పనికిరావు.

వీసా, లైసెన్సు, ఇల్లు

మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమెరికా ఫెడరల్ చట్టంలో మందుగుండు అంటే తయారైన తూటా మాత్రమే కాదు. కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ అన్నీ అందులోకే వస్తాయి. హెచ్1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, వీటిని దగ్గర పెట్టుకోవడమే నేరం. "ఆర్డర్ నా పేరు మీద రాదు, నీ పేరు మీద పెడతా" అని హెచ్1బి మిత్రుణ్ణి అడగకండి. మా వాడు అడగబోతే ఆపాను.

కలిసి కొని పంచుకున్నది విడి సరుకే, కొన్న ధరకే. తూటాలు మాత్రం ఎవరివి వాళ్లే చేసుకున్నారు. అమ్మడానికి తూటాలు చేయాలంటే తయారీ లైసెన్సు కావాలి.

ఇంట్లో నిల్వకి అమెరికా అగ్నిభద్రత సంఘం ఎన్ఎఫ్‌పీఏ రాసిన 495 ప్రమాణంలో 10,000 ప్రైమర్ల పరిమితి ఉంది. పౌడర్ 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లోనే ఉంచాలి, అది దాటితే అంగుళం మందం చెక్కపెట్టె కావాలి. ఊరిని బట్టి రూల్స్ మారొచ్చు, ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అడగండి. ప్రైమర్లను గాజు సీసాలోకి గుమ్మరించవద్దు. ఒకటి పేలితే అన్నీ కలిసి పేలతాయి. కంపెనీ అట్టలో విడివిడిగా పెట్టేది అందుకే. టెక్సస్ ఎండకి గ్యారేజ్ కూడా పనికిరాదు.

ఎలా సాగింది

2021 అంతా అతను ఒక్క మ్యాచ్ మానలేదు. నిల్వ 1000 కన్నా కిందికి పోలేదు. పోటీల్లో అతని స్థాయి (క్లాసిఫికేషన్) బి నుంచి పైనున్న ఏకి వెళ్లింది కూడా ఆ ఏడాదే. కొంత డ్రై ఫైర్ వల్ల, కొంత అతని వయసు వల్ల అని నా అనుమానం. 2022 చివర్లో ప్రైమర్లు అరల మీదికి తిరిగొచ్చాయి, కానీ వెయ్యికి 30 డాలర్ల ధర మళ్లీ కనబడలేదు. 60 నుంచి 80 మధ్య ఆగింది. అతను స్ప్రింగుని 11.5కి మార్చుకుంటానంటే 13 దగ్గర ఆపించాను.

2024లో వంతు పౌడర్‌ది. యుక్రెయిన్ యుద్ధంతో పౌడర్‌కి మూలమైన నైట్రోసెల్యులోజ్ చాలావరకు ఫిరంగి మందుకి పోయింది. అలయంట్ అనే పౌడర్ కంపెనీ ఆ ఏడాది రీలోడర్లకి డబ్బాలు అమ్మడం ఆపేసింది. నైట్రోసెల్యులోజ్‌కి ముడిసరుకు పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు. గుంటూరు జిల్లాలో పుట్టినవాడిగా అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా వాడు వాడేది అలయంట్ స్పోర్ట్ పిస్టల్. ఈసారి అతను నన్ను అడగలేదు. చెక్ దేశపు పౌడర్ ఒకదానికీ, హాడ్జ్‌డన్ కంపెనీ పౌడర్ ఒకదానికీ విడివిడిగా కనీస మోతాదు నుంచి లోడు కట్టుకుని, క్రోనో అంకెలు నాకు వాట్సాప్‌లో పంపాడు. పవర్ ఫ్యాక్టర్ ఒకటి 128, ఇంకోటి 130.